కోసిగి నుంచి మిరప చేల దాకా

ఫిబ్రవరి నెల. కర్నూలు పడమటి పల్లె కోసిగిలో చాలా ఇళ్లకు తాళాలు. పత్తి తీత అయిపోయింది, ఊళ్లో పని లేదు. మిగిలింది ముసలీ ముతకా. "పోయినోళ్లను చూసొద్దాం పా అన్నా" అన్నాడు నేస్తం. పాత మోటారుసైకిలెక్కాం.

ఎమ్మిగనూరు, కర్నూలు, ఆత్మకూరు, నల్లమల అడవి, దోర్నాల, మార్కాపురం, వినుకొండ. 300 కిలోమీటర్లకు పైగా. మా నడుములు పడిపోయాయి. మరి లారీలో మూటల మీద, పిల్లల్ని ఒళ్లో పెట్టుకొని వచ్చిన తల్లుల సంగతేమిటి?

పల్నాటి మిరప చేల గట్టున పట్టాల గుడిసెలు. కోసిన కాయకు కిలోల లెక్కన కూలి. కాటా వేసేదీ, లెక్క రాసేదీ వాళ్లే. మండే చేతులతో చంటిబిడ్డను తాకాలంటే తల్లికి భయం. బడి మానిన పిల్ల చెల్లెల్ని ఆడిస్తోంది.

"తుంగభద్ర మా పక్కనే పారతాది, మా చేలకు మాత్రం నీళ్లు రావు" అన్నాడొక పెద్దాయన. 2005 ఉపాధి చట్టం ఊళ్లోనే 100 రోజుల పని అన్నది. వలస మాత్రం ఆగలేదు.

ఆ రాత్రి గుడిసెకొకరు కూర్చుని ఒక మాట అనుకున్నారు: కాటా దగ్గర మన మనిషి నిలబడాలి, లెక్క మన చీటీలోనూ ఉండాలి.

సంఘం ఊళ్లో ఉంటే చాలదు. కూలోళ్లు ఎక్కిన లారీ వెంట అదీ కదలాలి.