కాంపౌండ్ బోతో వేటకి ఏ రిలీజ్ ఎయిడ్ తీసుకోవాలి?

ఈ రోజు టాపిక్ చాలామంది అడుగుతున్నదే. "బ్రో, బో కొన్నాను, బాణాలు కొన్నాను, రిలీజ్ ఏది కొనాలి?" అని. పది నిమిషాల్లో క్లియర్‌గా చెప్పేస్తాను.

స్టార్ట్ చేసే ముందు ఒక్క మాట. ఇండియాలో చూస్తున్నవాళ్లకి: మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. అక్కడ కాంపౌండ్ బో అంటే టార్గెట్ ఆర్చరీ మాత్రమే, మన విజయవాడ వెన్నం జ్యోతి సురేఖ ఆడే ఆట. నేను మాట్లాడేది ఇక్కడ అమెరికాలో, లైసెన్స్ తీసుకుని సీజన్‌లో జింకల వేటకి వెళ్లేవాళ్ల కోసం. నేనుండే టెక్సస్‌లో అయితే 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. మీ స్టేట్ రూల్స్ మీరు చూసుకోండి.

సరే, అసలు రిలీజ్ ఎందుకు? వేళ్లతో లాగొచ్చు కదా? కాంపౌండ్ బో పొట్టిగా ఉంటుంది. ఫుల్‌గా లాగినప్పుడు స్ట్రింగ్ బాగా మడిచినట్టు కోణంలోకి వచ్చి వేళ్లని నొక్కేస్తుంది. పైగా వేళ్లు వదిలేటప్పుడు స్ట్రింగ్ వాటి మీదుగా పక్కకి జారి వెళ్తుంది, బాణం అటూ ఇటూ ఊగుతుంది. రిలీజ్‌కి చిన్న కొక్కెం ఉంటుంది. అది స్ట్రింగ్‌కి కట్టిన డి-లూప్‌ని పట్టుకుని, ప్రతిసారీ దాదాపు ఒకేలా వదులుతుంది. అంతే దాని పని.

మరి అన్నీ అదే పని చేస్తే ఏది కొంటే ఏంటి? అసలు పాయింట్ ఇక్కడే ఉంది. తేడా కొక్కెంలో లేదు, దాన్ని మీరు ఎలా పేలుస్తారు అన్నదాంట్లో ఉంది.

సైట్ పిన్ టార్గెట్ మీదకి రాగానే బుర్ర "ఇప్పుడే!" అని అరుస్తుంది. వేలు ట్రిగ్గర్‌ని ఠక్కున గుద్దేస్తుంది. దాంతో పాటు చెయ్యి, భుజం, బో అన్నీ కదిలిపోతాయి. ఇది ముదిరితే టార్గెట్ పానిక్ అంటారు. ఫోమ్ టార్గెట్ మీద నాలుగు అంగుళాలు పక్కకి పోతే నవ్వుకుంటాం. జింక మీద అదే నాలుగు అంగుళాలు ఊపిరితిత్తులకీ పొట్టకీ మధ్య తేడా కావొచ్చు. ఊపిరితిత్తులకి సరిగ్గా తగిలితే అది కొద్ది దూరంలోనే పడిపోతుంది. పొట్టలో తగిలితే గంటల తరబడి బాధపడి చస్తుంది, చాలాసార్లు మనకి దొరకదు కూడా. అందుకే రిలీజ్ అంటే యాక్సెసరీ కాదు, బాధ్యత.

ఇప్పుడు నాలుగు రకాలు చూద్దాం.

ఒకటి, చూపుడు వేలి ట్రిగ్గర్. మణికట్టుకి స్ట్రాప్‌తో కట్టుకుంటాం. వేటలో బాగా కనిపించేది ఇదే. చేతికే ఉంటుంది కాబట్టి చెట్టు మీద స్టాండ్ నుంచి కింద పడదు, ఇంట్లో మర్చిపోయే ఛాన్స్ తక్కువ. లాగే బరువు మణికట్టు మీద పడుతుంది, కొత్తవాళ్లకి ఈజీ. మైనస్ ఏంటంటే, ట్రిగ్గర్ గుద్దే అలవాటు దీంతోనే తొందరగా వస్తుంది. స్ట్రాప్ బకుల్‌ది తీసుకోండి. వెల్‌క్రో అయితే నిశ్శబ్దంలో విప్పినప్పుడు చర్రుమంటుంది.

రెండు, బొటనవేలి బటన్. పిడికిట్లో పట్టుకుంటాం. చెయ్యి దవడకి బాగా ఆనుతుంది, యాంకర్ స్థిరంగా ఉంటుంది. చాలా మోడల్స్‌ని డి-లూప్‌కి తగిలించి అలాగే వదిలేయొచ్చు, జింక వచ్చినప్పుడు వెతుక్కోనక్కర్లేదు. జేబులోంచి జారి పడే రిస్క్ మాత్రం ఉంది.

మూడు, హింజ్. ట్రిగ్గరే ఉండదు. వీపు కండరాలతో లాగుతూ ఉంటే చెయ్యి తిరిగి అదే వదులుతుంది. గుద్దే అలవాటు మాన్పించడానికి మంచి గురువు. కానీ సరిగ్గా ఆ టైంకి జింక ఒక అడుగు వేస్తే? అందుకే అనుభవం లేనివాళ్లకి ఇది ప్రాక్టీస్‌కే బెటర్.

నాలుగు, టెన్షన్ రిలీజ్. లాగేటప్పుడు సేఫ్టీ నొక్కి ఉంచి, యాంకర్‌కి వచ్చాక వదలాలి. ఆ తర్వాత లాగే బలం మనం సెట్ చేసినంత దాటితే పేలుతుంది. ఉదాహరణకి 60 పౌండ్ల బో, 80 శాతం లెట్-ఆఫ్ అంటే మీ చేతిలో ఉండేది 12 పౌండ్లు. రిలీజ్ సెట్టింగ్ దాని కంటే కొంచెం పైన ఉండాలి. బో పౌండేజ్ మారిస్తే ఇదీ మార్చాలి.

మరి ఏది? మొదటి సీజన్ అయితే నా సలహా: మంచి బకుల్ స్ట్రాప్ ఉన్న చూపుడు వేలి రిలీజ్. ఇప్పటికే గుద్దే అలవాటు ఉంటే బొటనవేలి బటన్‌కి మారండి, ప్రాక్టీస్‌కి వీలైతే హింజ్ పెట్టుకోండి.

బ్రాండ్ కంటే ఫిట్ ముఖ్యం. షాప్‌కి వెళ్లి ట్రై చేయండి. ట్రిగ్గర్ వేలి కొసకి కాదు, కణుపు దగ్గరకి రావాలి. కొసతో అయితే గుద్దుతాం. కణుపుతో చుట్టి పట్టుకుంటే మెల్లగా నొక్కుతాం. స్ట్రాప్ పొడవు తగ్గించుకుంటే ఇది చాలామందికి సెట్ అయిపోతుంది. ట్రిగ్గర్ మరీ లైట్‌గా పెట్టొద్దు. చలిలో గ్లవ్స్ వేసుకుంటే వేలికి స్పర్శ తెలీదు, తాకగానే పేలిపోతుంది. కొనేముందు మీ గ్లవ్స్ వేసుకునే ట్రై చేయండి. ఇంకోటి, లాగేటప్పుడు వేలు ట్రిగ్గర్ వెనకాల ఉండాలి, ముందు కాదు.

రకం మారిస్తే యాంకర్ మారుతుంది, దాంతో పీప్ ఎత్తు, సైట్ సెట్టింగ్ కూడా మారొచ్చు. కాబట్టి సీజన్‌కి వారం ముందు కొత్త రిలీజ్ కొనొద్దు. కనీసం రెండు నెలలు టైం ఇవ్వండి. మొదటి కొన్ని రోజులు టార్గెట్‌కి మూడు అడుగుల దూరంలో నిలబడి, గురి చూడకుండా, కళ్లు మూసుకుని వదలండి. వదిలిన క్షణం మీకే చిన్న ఆశ్చర్యంలా అనిపించాలి. అది అలవాటయ్యాకే 20 గజాలకి వెళ్లండి.

చివరిగా, బడ్జెట్ ఉంటే అదే మోడల్ ఇంకోటి కొని, అదే సెట్టింగ్‌లో పెట్టి బ్యాగ్‌లో వేసుకోండి. చీకట్లో కింద పడితే ఆ రోజు వేట అక్కడితో అయిపోతుంది.

మీరు ఏది వాడుతున్నారో, ఎందుకో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో బ్రాడ్‌హెడ్స్ గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటానండి, జాగ్రత్త.