తలుపులో తెగిన తీగె

కారు అద్దానికీ తెలుగు పాఠం చెప్పేవానికీ పొత్తేమిటని ఎవరైనా నన్ను అడుగవచ్చును. కొన్ని నెలల క్రిందటి వరకు నేనూ అట్లే అడిగి ఉండేవాడిని. తరగతిలో ముప్పది ఏండ్లుగా కార్యకారణ సంబంధమును గురించి మాట్లాడుతున్నాను. దాని అర్థము మాత్రము ఒక మేస్త్రీ చేతిలోని చిన్న దీపము ముందు నిలబడినప్పుడే నాకు తెలిసివచ్చినది.

నాకొక పాత కారున్నది. కొత్తగా కొని ఇరవై ఏండ్లయినది. దాని నాలుగు తలుపుల అద్దాలూ మీట నొక్కితే ఎక్కుతవి, దిగుతవి. మొన్న ఆషాఢమాసంలో ఒకనాటి సాయంకాలం కళాశాల నుండి వస్తూ, దారిలో ఎవరో పలుకరిస్తే నా ప్రక్క అద్దము దించినాను. తిరిగి మీట ఎత్తితే అది కదలలేదు. ఇల్లు చేరేలోపల వాన పట్టుకొన్నది. ఒక చేతితో చక్రము త్రిప్పుతూ, ఒక భుజము పూర్తిగా తడిసి, నేను ఇల్లు చేరినాను.

ఆ ఉదయమే మా వీధిలోని ఒక అబ్బాయి కారు కడిగి వెళ్లినాడు. ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లవాడు. కళాశాలకు పోకముందే నాలుగైదు కార్లు కడిగి తన ఖర్చులు తాను చూచుకొనేవాడు. ఉదయం నీళ్లు, సాయంకాలం అద్దము చెడుట. రెంటినీ నా బుద్ధి క్షణంలో ముడివేసినది. మరునాడు వాడు రాగానే, “తలుపు సందులో నీళ్లు పోసి పాడుచేసినావు, ఇక రావద్దు” అన్నాను. “నేను తలుపులు తడిగుడ్డతోనే తుడిచానండీ మాస్టారూ” అన్నాడు. ఆ మాట నేను చెవిని పెట్టలేదు. అప్పటికి అయిన రోజులకు లెక్కకట్టి డబ్బులిచ్చి పంపినాను. న్యాయంగానే ప్రవర్తించినానని కూడ అనుకొన్నాను.

తరువాత దగ్గరలోని ఒక దుకాణానికి కారు తీసుకొనిపోయినాను. అక్కడివారు మీట రెండుసార్లు నొక్కి చూచి, మోటారు పోయినదన్నారు. కొన్ని వేల రూపాయలకు కొత్త మోటారు బిగించినారు. అద్దము లేచినది. నా నిర్ణయము ధ్రువపడినది: నీళ్లు పోసిరి, మోటారు పోయినది, మోటారు మార్చిరి, బాగయినది. మూడవ నాడు అద్దము మళ్లీ ఆగిపోయినది. ఈసారి కడిగినవాడెవడూ లేడు, మోటారేమో కొత్తది!

చివరకు ఒక మిత్రుని సలహా మీద విజయవాడ ఆటోనగరుకు వెళ్లినాను. అక్కడ కార్ల విద్యుత్తు పని మాత్రమే చేసే ఒక పెద్ద మేస్త్రీ నా కథ అంతా విని, తలుపు ముట్టుకోకముందే ఒక ప్రశ్న వేసినాడు.

“మాస్టారూ, మిగతా మూడు అద్దాలూ పనిచేస్తున్నాయా?”

నాకు తెలియదు. నేనెన్నడూ ఆ సీట్లలో కూర్చుండలేదు. నొక్కి చూస్తే ఒక్కటీ కదలలేదు.

“నాలుగు మోటార్లు ఒక్కరోజున చావవు కదండీ!”

ఆ ఒక్క మాటతో నేను కొన్న మోటారు వృథా అని తేలిపోయినది.

ఇక్కడ ఈ యంత్రము పనిచేయు తీరు కొంచెము చెప్పవలెను. బండిలోని బ్యాటరీ 12 వోల్టులది. తలుపు లోపల ఒక చిన్న మోటారు ఉండును. దానికి రెండే తీగెలు. మీట నొక్కనప్పుడు రెండు తీగెలూ ఎర్తుతో, అనగా బండి ఇనుప శరీరముతో కలిసి ఉండును. మీట పైకి ఎత్తినప్పుడు ఒక తీగెకు బ్యాటరీ విద్యుత్తు అందును, రెండవది ఎర్తుననే ఉండును. క్రిందికి నొక్కినప్పుడు ఈ రెండూ తారుమారగును. ప్రవాహము దిశ మారగానే మోటారు తిరిగే దిశ కూడ మారును. ఎక్కించునదీ అదే మోటారు, దించునదీ అదే మోటారు. కనుక అద్దము చక్కగా దిగి, ఎక్కక మొరాయించినట్లయితే మోటారును నిందించుటకు ముందు స్విచ్చిలోని పైకెత్తు స్పర్శను చూడవలెను.

మరొక విశేషము: చాలా పాత కార్లలో మిగిలిన తలుపుల స్విచ్చులకు విద్యుత్తో, ఎర్తో డ్రైవరు తలుపులోని పెద్ద స్విచ్చి గుండానే పోవును. అందువలన వెనుక తలుపు అద్దము కదలకపోతే దోషము ముందు తలుపులో ఉండవచ్చును. పిల్లలు తాకకుండ వెనుక మీటలను బంధించే చిన్న బొత్తాము కూడ అక్కడనే ఉండును. అది పొరపాటున నొక్కుకొని ఉన్నందుకు తలుపులు విప్పించినవారు కూడ ఉన్నారని మేస్త్రీ నవ్వుతూ చెప్పినాడు.

ఆయన పరీక్షలో తొందర లేదు, ఊహ లేదు. బండిలోపలి దీపము వెలిగించి మీట నొక్కమన్నాడు. దీపము మసకబారలేదు. మోటారు బిగుసుకొని ఉంటే, అది విద్యుత్తును లాగును గనుక దీపము కొంచెమైనా మసకబారును. మసకబారకపోతే ప్రవాహమే లేదు, దారి ఎక్కడనో తెగినదని అర్థము. చేతిలో ఏ పనిముట్టూ లేకుండ చేయగలిగిన పరీక్ష ఇది. తరువాత ఫ్యూజు చూచినాడు. బాగున్నది. అది కాలి ఉన్నట్లయితే? “ఫ్యూజు సాక్షి మాత్రమేనండి, దొంగ కాదు. ఎందుకు కాలిందో చూడకుండా ఇంకా పెద్ద ఫ్యూజు పెడితే బండి కాలుతుంది” అన్నాడు. ఈ మాట ప్రతి యింట గోడమీద వ్రాసి పెట్టుకోదగినది.

పిమ్మట పెద్ద స్విచ్చి ఊడదీసి, దానికి విద్యుత్తు తెచ్చే తీగె మీద మల్టీమీటరు పెట్టినాడు. సరిగా 12 వోల్టులు చూపినది. నేను సంబరపడి, “అయితే స్విచ్చే చెడినదన్నమాట” అన్నాను.

“మీటరు మాట ఒక్కటే నమ్మకూడదు మాస్టారూ. అది బరువు మొయ్యదు.”

రెండు తీగెలు కట్టిన ఒక పాత బల్బు తీసి అదే చోట తగిలించినాడు. అది వెలుగలేదు, లోపలి తంతువు మాత్రము ఎర్రగా మిణుకుమన్నది. మీటరుకు కావలసిన ప్రవాహము అత్యల్పము. తీగెలో ఒక్క పోగు మిగిలి ఉన్నా అది పూర్తి వోల్టులనే చూపును. బల్బు ప్రవాహమును కోరును. కోరినప్పుడే తీగె అసలు సత్తువ బయటపడును. నాకు వెంటనే తరగతి గుర్తుకు వచ్చినది. బట్టీపట్టిన జవాబు కూడ మీటరు మీద పూర్తి వోల్టులే చూపును. ఒక కొత్త ప్రశ్న బరువు మోపినప్పుడు గదా లోపల ఎన్ని పోగులున్నవో తెలిసేది!

బల్బును అట్లే ఉంచి ఆయన తలుపును మెల్లగా మూసి తెరవసాగినాడు. ఒకచోట బల్బు భగ్గున వెలిగి, మరొకచోట ఆరిపోయినది. తలుపుకూ బండికీ నడుమ, మడతబందుల దగ్గర ఒక రబ్బరు గొట్టము ఉండును. తీగెలన్నీ అందులోనుండియే తలుపులోనికి పోవును. ఆ గొట్టము వెనుకకు లాగి చూపినాడు. పైతొడుగు చెక్కుచెదరని ఒక తీగెను రెండు వ్రేళ్లతో లాగితే అది జిగురువలె సాగినది. లోపలి రాగి తెగిపోయి, కొసలకు ఆకుపచ్చని చిలుము పట్టి ఉన్నది. మోటారు మార్చినప్పుడు తలుపును అటూ ఇటూ కదపగా తెగిన కొసలు తగులుకొని రెండునాళ్లు పనిచేసినవట. కొత్త మోటారు చూపిన మహిమ అంతే.

ఆయన తెగినచోటనే ముడివేయలేదు. మడతపడే చోట అతుకుంటే మళ్లీ తెగునని, ఆ మడతకు ఇరుప్రక్కలా దూరముగా కోసి, అంతే మందముగల సన్నపోగుల కొత్త తీగె వేసి, కొసలు సోల్డరు చేసి, వేడికి బిగుసుకొనే గొట్టము తొడిగినాడు. నాలుగు అద్దాలూ లేచినవి. అందుకైన ఖర్చు మోటారుకు పెట్టినదానిలో పదవ వంతు కూడ లేదు.

పాత బండ్లున్నవారికి ఉపయోగపడునని మేస్త్రీ చెప్పిన మరికొన్ని గుర్తులు ఇక్కడ చేర్చుచున్నాను. మోటారు శబ్దము వినిపించి అద్దము కదలకపోతే దోషము విద్యుత్తుది కాదు, అద్దమును మోసే కేబులో పళ్లచక్రమో తెగినది. అద్దము నీరసముగా ఎక్కుతుంటే ప్రక్కల రబ్బరు ఎండి పట్టివేయుచుండవచ్చును. దానిని తుడిచి సిలికాను పూత వేసి చూడవలెను. ఇంజను నడుస్తున్నప్పుడు చురుకుగాను, ఆపినప్పుడు మందముగాను ఎక్కితే బ్యాటరీనీ స్పర్శలనూ పరీక్షింపవలెను. పదేపదే నొక్కగా ఆగిపోయి, కొంతసేపటికి తానే కదలితే, వేడెక్కిన మోటారును దాని రక్షణ సాధనమే ఆపినదని గ్రహింపవలెను. మీట నొక్కి ఉంచి తలుపు మీద మెల్లగా తట్టితే కదలునది మాత్రము, నిజముగా మోటారే అరిగినదై ఉండవచ్చును.

పరీక్షించునప్పుడు అద్దము దారిలో చేయి ఉంచరాదు. ఎయిర్‌బ్యాగులున్న బండ్లలో పసుపుపచ్చని తొడుగు తీగెలను బల్బుతో తాకనే తాకరాదు. అద్దాలను కంప్యూటరు నడిపే నేటి బండ్లకు ఈ బల్బు వైద్యము పనికిరాదు.

ఇంటికి తిరిగివస్తూ దారి పొడుగునా నేను ఆలోచించినది బండిని గురించి కాదు. ‘కాకతాళీయ న్యాయము’ను నేను ఏటేటా విద్యార్థులకు చెప్పుచున్నాను. కాకి వ్రాలినది, తాటిపండు పడినది. కాకి వ్రాలుటవలననే పండు పడినదనుట అవివేకమని నవ్వుతూ వివరింతును. అన్వయ వ్యతిరేకములనూ చెప్పుదును: ఇది ఉన్నప్పుడు అది ఉండవలెను, ఇది లేనప్పుడు అది లేకపోవలెను, అప్పుడే ఇది దానికి కారణము. మేస్త్రీ తర్కశాస్త్రము చదువలేదు. కాని ఆయన తలుపును తెరచి మూసి చేసినది అన్వయ వ్యతిరేకముల పరీక్షయే. తర్కము చదివిన నేను చేసినదో? కాకిని పట్టుకొని పండు ధర అడిగినాను!

ఆ తీగె నీళ్లవలన తెగలేదు. తలుపు తెరచి మూయుటవలన, మడతపడీ మడతపడీ, ఒక్కొక్క పోగే తెగినది. రోజుకు పదిసార్లని లెక్కవేసినా ఇరవై ఏండ్లకు 73,000 సార్లు. ఆ తలుపు తీసినది దాదాపు ప్రతిసారీ నా చేయియే.

ఉపాధ్యాయ మిత్రులతో ఒక్క మాట. మన తరగతులలో కూడ కదలని అద్దాలుండును. పిల్లవాడు జవాబు చెప్పకపోతే, మోటారు పోయినదని, అనగా వానికి బుద్ధి లేదని తేల్చివేయుట మనకు సులభము. వినికిడిలోనో, చూపులోనో, ఇంటి నుండి బడికి వచ్చే మడతలోనో తీగె తెగి ఉండవచ్చును. తరగతిలో మిగతావారు కూడ కదలకుండిరా? అట్లయిన దోషము పెద్ద స్విచ్చిలో, అనగా మనలోనే ఉండవచ్చును. ఆ ప్రశ్న ముందు వేసికొనుటకు ఖర్చేమీ లేదు.

మరునాడు ప్రొద్దున ఆ అబ్బాయి ఇంటికి వెళ్లినాను. వాడు పనికి బయలుదేరుతున్నాడు. నా చేతిలోని తెగిన తీగె ముక్క చూపి, తప్పు నాదని చెప్పినాను. ఇంతకాలము మాన్పించిన రోజుల డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. “పని చెయ్యని రోజులకు వద్దండీ” అన్నాడు. తీగె ముక్కను మాత్రము తీసుకొని, వంచి చూచి, “పైకి ఏమీ తెలియటం లేదేమండీ!” అన్నాడు.

మరుసటి సోమవారము నుండి మళ్లీ వచ్చుచున్నాడు. ఇప్పుడు కూడ తలుపులను తడిగుడ్డతోనే తుడుచుచున్నాడు. మొదటినుండీ అట్లే చేసెడివాడట. నేనెన్నడూ కిటికీ తెరచి చూడలేదు.