ఒకే కంప్యూటరుకు రెండు కీబోర్డులు

పిల్లలూ! ఒక కంప్యూటరు, దానికి ఒక కీబోర్డు. ఇది మీరు రోజూ చూసేదే. ఆ కంప్యూటరుకే ఇంకొక కీబోర్డు కూడా తగిలిస్తే ఏమవుతుంది? ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఎవరి పాఠం వాళ్ళు రాసుకోవచ్చునా? జవాబు చెప్పేముందు, ఈ ప్రశ్న నాకు ఎట్లా వచ్చిందో చెబుతాను.

నేను హెడ్మాస్టరుగా వున్న రోజుల్లో మా బడికి మొదటిసారి నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. ఒక్కొక్కదాని ముందు ఆరుగురేసి పిల్లలు. కీబోర్డు మాత్రం ఎప్పుడూ ఒక్కడి చేతిలోనే! అందరినీ తోసుకుని ముందుకు వచ్చినవాడిదే రాజ్యం. ఏడో తరగతి అమ్మాయి ఒకతె వెనకాల నిలబడి, ఎడమ అరచేతిమీద కుడిచేతి వేళ్ళతో టకటకా కొట్టుకుంటూ వుండేది.

"ఏమిటమ్మా అది?" అని అడిగాను.

"టైపు నేర్చుకుంటున్నానండి, మాస్టారూ!" అన్నది.

అన్ని నెలల్లో ఆ పిల్ల ఒక్క మీట కూడా నొక్కలేదని నాకు అప్పుడుగాని తెలియలేదు.

మర్నాడు ఆఫీసు గదిలో ఊరికే పడివున్న కీబోర్డు ఒకటి తెప్పించి, అదే కంప్యూటరుకు తగిలించి, ఆ అమ్మాయి ముందు పెట్టాను. ముందు కూర్చున్న అబ్బాయిని "రామ" అని రాయమన్నాను. అమ్మాయిని "సీత" అని రాయమన్నాను. ఇద్దరూ ఉత్సాహంగా ఒకరి వెంట ఒకరు మీటలు నొక్కారు. తెరమీద మొదట "ర" పడింది, దాని పక్కన "స" పడింది. ఆ తరవాత అబ్బాయి తన "ర"కు పెట్టిన దీర్ఘం తిన్నగా వెళ్ళి అమ్మాయి "స"కు తగులుకుని "సా" అయి కూర్చుంది! అమ్మాయి నొక్కిన గుడిదీర్ఘానికి అక్షరమే దొరకలేదు. పాపం, అది చుక్కల సున్నా ఒకదాన్ని పట్టుకుని విడిగా నిలబడింది. చివర "మత".

పిల్లలంతా పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కంప్యూటరు రెండు కీబోర్డులను ఒప్పుకున్నది గాని, ఇద్దరు మనుషులను ఒప్పుకోలేదు. ఎందుచేత?

కీబోర్డుకు అక్షరాలు తెలియవు. దాని లోపల ఒక చిన్న చిప్పు వుండి, ఏ మీట కిందికి దిగిందా అని ఎడతెగకుండా వెతుకుతూ వుంటుంది. మీట దిగినప్పుడు అది కంప్యూటరుకు పంపేది ఒక అంకె మాత్రమే. ఈనాటి యు.ఎస్.బి. కీబోర్డులలో ఇంగ్లీషు "ఎ" మీటకు 4, "బి" మీటకు 5, అట్లా "జెడ్" మీటకు 29. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో తెలుగు రాసేటప్పుడు ఆ "ఎ" మీటే ఓత్వం అవుతుంది. కాని కీబోర్డు అప్పుడూ 4 అనే చెబుతుంది. దాన్ని ఏ అక్షరంగా చదవాలో నిర్ణయించేది కంప్యూటరులోని ఆపరేటింగ్ సిస్టం.

1996లో యు.ఎస్.బి. రాకముందు కంప్యూటర్లకు కీబోర్డు కోసం మామూలుగా ఒకటే గుండ్రటి సాకెట్ వుండేది. రెండోదానికి చోటే లేదు. యు.ఎస్.బి. వచ్చాక, తగిలించిన ప్రతి పరికరానికీ కంప్యూటరు ఒక నంబరు ఇస్తుంది, హాజరుపట్టీలో రోల్‌నంబరు లాగా. అట్లా 127 దాకా ఇవ్వగలదు. ఆ తరవాత, మాస్టారు హాజరు పిలిచినట్టు, "నువ్వేమన్నా చెప్పాలా? నువ్వు?" అని ఒక్కొక్క కీబోర్డును సాధారణంగా సెకనుకు నూరుసార్లకు పైగా అడుగుతూనే వుంటుంది. పిలవనిదే అది పలకదు.

అంటే, ఏ అంకె ఏ కీబోర్డు నుంచి వచ్చిందో గుమ్మం దగ్గర తెలుస్తూనే వున్నదన్నమాట! చిక్కంతా గుమ్మం దాటాక వస్తుంది. వూళ్ళో రెండు పోస్టుడబ్బాలున్నా, ఉత్తరాలన్నీ ఒకే సంచిలో పడితే ఏది ఏ డబ్బాదో ఎవరు చెప్పగలరు? ఆపరేటింగ్ సిస్టం కూడా అంకెలన్నిటినీ ఒకే వరసలో చేర్చి, తెరమీద ఆ సమయానికి పని జరుగుతున్న కిటికీకి అందిస్తుంది. అక్కడ వున్న ప్రోగ్రాముకు "ఓత్వం వచ్చింది" అని తెలుస్తుందే తప్ప, ఎవరు నొక్కారో తెలియదు.

ఈ ఏర్పాటును తెలివితక్కువది అనకండి. ల్యాప్‌టాప్‌కు విడిగా పెద్ద కీబోర్డు తగిలించుకున్నా, చేతులు స్వాధీనంలో లేనివారు తమకు అనువైన ప్రత్యేకమైన మీటలు తగిలించుకున్నా, ప్రోగ్రాములలో ఏ మార్పూ లేకుండా పని జరిగిపోవడం దీని చలవే. కాకపోతే, కంప్యూటరు ముందు ఒక్కరే కూర్చుంటారనుకుని చేసిన ఏర్పాటు ఇది.

విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పి నుంచీ, ప్రోగ్రాము అడిగితే ఏ కీబోర్డు మీట నొక్కబడిందో చెప్పే సదుపాయం వుంది. కాని అడగడం తెలిసిన ప్రోగ్రాము కావాలి. మామూలుగా ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాములు అడగవు. లినక్స్ కంప్యూటర్లు తెరను నడిపించడానికి వాడిన ఎక్స్ సర్వరులో, పీటర్ హుట్టరర్ అనే ఆయన కృషివల్ల, 2009లో ఒకే తెరమీద రెండు మౌసులు, రెండు కీబోర్డులు వేరువేరుగా పనిచేసే వీలు కలిగింది. ఇంకో మార్గం కూడా వుంది. ఒకే కంప్యూటరు పెట్టెకు రెండు తెరలు, రెండు కీబోర్డులు తగిలించి, దేని జత దానికి కేటాయించడం. బ్రెజిల్ దేశపు బడులలో ఇట్లా ఒక పెట్టె చుట్టూ పలువురు పిల్లలను కూర్చోబెట్టారు.

బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలవారు మరింత చిత్రమైన పని చేశారు. కీబోర్డులతో కాదు, మౌసులతో. ఒకే తెరకు ఐదు మౌసులు తగిలించి, ఐదుగురు పిల్లలకు ఇచ్చారు. మన దేశపు పల్లెల్లో 238 మంది పిల్లలతో ఇంగ్లీషు మాటలు నేర్పించి చూసి, ఆ ఫలితాలు 2007లో ప్రకటించారు. మొత్తంమీద చూస్తే, ఐదుగురు కలిసి నేర్చినా, ఒక్కొక్కరే కూర్చుని నేర్చిన పిల్లలకు తీసిపోలేదట! పోటీపడి నొక్కే పద్ధతి, అందరూ కలిసి నొక్కే పద్ధతి అని రెండు పెట్టారు. పద్ధతినిబట్టి మగపిల్లల చదువులో బాగా తేడా కనిపించింది. ఆడపిల్లలు ఏ పద్ధతిలోనైనా ఒకే తీరున నేర్చుకున్నారు. ఇది చదివినప్పుడు, ఆనాడు ముందుకు తోసుకువచ్చిన మా వీరుడే నాకు గుర్తుకు వచ్చాడు.

మా బడికి ఇవేవీ అందలేదు. నేను గోడగడియారం తెచ్చిపెట్టి, మనిషికి ఐదేసి నిముషాలని వంతులు వేశాను. తన వంతు వచ్చినప్పుడు ఆ అమ్మాయి మీటలు వెతుక్కుని వెతుక్కుని తన పేరు రాసుకున్నది. గంట కొట్టాక, "చెరిపెయ్యకండి, మాస్టారూ!" అని అడిగి మరీ వెళ్ళింది.

మీ ఇంట్లో రెండు కీబోర్డులుంటే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఒక కీబోర్డు మీద షిఫ్టు మీట మీరు నొక్కి పట్టుకోండి. రెండోదానిమీద ఇంగ్లీషు "ఎ" మీటను తమ్ముణ్ణి నొక్కమనండి. విండోస్ కంప్యూటరైతే పెద్ద "ఎ" పడుతుంది. మీ షిఫ్టు వాడికి కూడా చెల్లుతుంది. మ్యాక్ కంప్యూటరైతే మామూలుగా చిన్న "ఎ"నే పడుతుంది. అక్కడ ఏ కీబోర్డు షిఫ్టు ఆ కీబోర్డుదే. తరవాత కీబోర్డులు మార్చుకుని, షిఫ్టు వాడికి ఇచ్చి చూడండి.