పిల్లలు ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేరతామంటే



మన ఇళ్లలో పిల్లలు కంప్యూటర్స్, మెడిసిన్ కాదని "ఫైర్‌ఫైటర్ అవుతా" అంటే మన నోట వచ్చే మొదటి మాట "అదేం ఉద్యోగం?" వద్దనేముందు ఆ ప్రశ్నకు జవాబేదో తెలుసుకుందాం.

అమెరికాలో ఫైర్‌ఫైటర్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది వాలంటీర్లే. పగలు వేరే ఉద్యోగం, పేజర్ మోగితే స్టేషన్‌కి పరుగు. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మొదలుపెట్టిన యూనియన్ ఫైర్ కంపెనీ కూడా ఇలా ఇరుగుపొరుగు కలిసి పెట్టుకున్నదే. జీతానికి పనిచేసేవాళ్లు ఎక్కువగా పెద్ద ఊళ్లలో ఉంటారు. వాళ్లలో చాలామందికి 24 గంటల డ్యూటీ, ఆపైన 48 గంటల సెలవు.

చాలా ఊళ్లలో హైస్కూల్ పిల్లలకు జూనియర్ లేదా ఎక్స్‌ప్లోరర్ కార్యక్రమాలున్నాయి. గొట్టాలు పరచడం, నిచ్చెనలు ఎత్తడం నేర్పుతారు. మండుతున్న ఇంట్లోకి మాత్రం పంపరు. ఆ పని 18 నిండాక, శిక్షణ పూర్తయ్యాకే.

జీతపు ఉద్యోగానికి చాలా చోట్ల సీపాట్ అనే దేహదారుఢ్య పరీక్ష పెడతారు. 50 పౌన్ల బరువున్న జాకెట్ తొడుక్కుని, 10 నిమిషాల 20 సెకన్లలో ఎనిమిది పనులు వరసగా పూర్తిచేయాలి. మొదటిది మెట్ల యంత్రం. అక్కడ ఇంకో 25 పౌన్లు భుజాల మీద పెట్టి మూడు నిమిషాలు ఎక్కిస్తారు. తర్వాత 165 పౌన్ల బొమ్మను ఈడ్చుకెళ్లడం కూడా ఉంది. మనలాగా రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకి ఆ మెట్ల దగ్గరే కథ ముగుస్తుంది!

అకాడమీతో పాటు ఈఎంటీ శిక్షణ కూడా చాలా చోట్ల తప్పనిసరి. ఎందుకంటే వచ్చే కాల్స్‌లో అగ్నిప్రమాదాలు నూటికి నాలుగైదే. గుండెనొప్పి, పడిపోవడం, ఊపిరాడకపోవడం వంటివే ఎక్కువ. పండగ రోజు గుళ్లో ఏ పెద్దాయనో సొమ్మసిల్లితే 911కి ఫోన్ చేశాక చాలాసార్లు ముందుగా వచ్చేది ఫైర్ ఇంజనే.

భయపడాల్సింది మంటకొక్కదానికే కాదు. ఈ వృత్తి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2022లో తేల్చింది. కాబట్టి మసి పట్టిన దుస్తులు ప్రతిసారీ ఉతుకుతారా, మాస్కుల విషయంలో ఎంత కచ్చితంగా ఉంటారు అని స్టేషన్ వాళ్లని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

వీసా మీద ఉన్న కుటుంబాలకు ఇంకో మాట. జీతపు ఉద్యోగానికి పని అనుమతి కావాలి. కొన్ని డిపార్ట్‌మెంట్లు పౌరసత్వం కూడా అడుగుతాయి. పిల్లలు ఆశ పెంచుకోకముందే ఈ సంగతి కనుక్కోండి. వాలంటీర్ స్టేషన్లలో తరచు సాయంత్రం పూట డ్రిల్ ఉంటుంది. ముందుగా ఫోన్ చేసి, పిల్లలతో పాటు మీరూ వెళ్లి చూడండి.