పదునొకండుగురు అక్కచెల్లెండ్ర వాద్యబృందము

బతుకమ్మ దినములలో మెదకు చెంతనున్న హవేలిఘనపూర్ మొదలుగా తెలంగాణమందలి యే పల్లెకు బోయినను సంధ్యవేళ స్త్రీల కచేరి వినవచ్చును. దానికి వేదిక యక్కరలేదు, రుసుము లేదు. తంగేడు, గునుగు పూలతో బేర్చిన బతుకమ్మ చుట్టును దిరుగుచు ఒకతె చరణ మెత్తుకొనును. తక్కినవారు పల్లవి నందుకొందురు. చప్పట్లే తాళము. ఒకరు పాడుట, పదుగురు బదులు పలుకుట, చేతులతో లయను నిలుపుట యను నీ పద్ధతియే ప్రాణముగా గల సంగీతము భూగోళమున కావలివైపున గూడ నున్నది. దానిని లాటిన్ జాజ్ అందురు. దాని చరిత్రలో ఒక యింటి యాడుబిడ్డల కథ యిమిడి యున్నది గావున మా సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

క్యూబా ద్వీపమునందలి చెరకు తోటలలో పనిచేయుటకై ఆఫ్రికానుండి వేలకొలది జనులను బానిసలుగా గొనిపోయిరి. అచ్చట బానిసత్వము 1886 వరకు తొలగలేదు. వారు సర్వమును గోల్పోయినను లయను మాత్రము విడువలేదు. అరచేతులతో వాయించు పొడవైన కాంగా, మోకాళ్ళ నడుమ నిఱికించుకొను బాంగో జంట, గింజలు పోసిన బుర్రలైన మరాకాలు, గాట్లు పెట్టి పుల్లతో గీయు ఎండిన సొరబుర్రయగు గ్వీరో, ఇవి దాని వాద్యములు. వీనిలో మిక్కిలి చిన్నది క్లావే. అది చేవగల రెండు కఱ్ఱముక్కలు మాత్రమే. ఆవర్తమున కైదు దెబ్బలు: ఒక యర్ధమున మూడు, మఱియొక యర్ధమున రెండు. ఆ కఱ్ఱలు మ్రోగకున్నను వాద్యగాండ్రందఱును ఆ యైదు దెబ్బలను మనస్సున నిలుపుకొనియే వాయింపవలెను. మన కచేరీలో తాళము తప్పిన పాట యెట్టిదో, క్లావే తప్పిన పాట వారి కట్టిది.

ఈ లయకు అమెరికాలోని నల్లజాతివారి జాజ్ సంగీతము తోడయ్యెను. న్యూయార్కు నగరమున 1940లో మచీటో యను గాయకుడు స్థాపించిన బృందమునకు ఆయన బావ మారియో బౌసా సంగీత దర్శకుడు. 1943లో బౌసా కూర్చిన ‘తాంగా’ను లాటిన్ జాజునకు తొలి రచనగా బలువురు గణింతురు. 1947 సెప్టెంబరు 29వ తేదీన కార్నెగీ హాలులో డిజ్జీ గిలెస్పీ బాకా యూదగా, క్యూబావాడగు చానో పోసో కాంగా వాయించెను. నాటినుండి ఈ సంగీతమునకు పెద్ద వేదికలపై స్థానము కుదిరినది.

ఇక అసలు కథకు వత్తము. 1930లో క్యూబా యధ్యక్షుడు మచాదో, విద్యార్థుల తిరుగుబాటునకు వెఱచి, హవానా విశ్వవిద్యాలయమును మూసివేసెను. దంతవైద్యము జదువుచుండిన కొన్సెప్సియోన్ కాస్త్రో యను కన్యకు చదువు నడుమ నిలిచిపోయెను. ఆమె తండ్రి చీనా సంతతివాడు. ఇంట పదునొకండుగురు ఆడుబిడ్డలు. ఆమె కన్నీరు గార్చుచు గూర్చుండలేదు. 1932లో చెల్లెండ్రను గూర్చుకొని వాద్యబృందమును నెలకొల్పెను. స్పెయిను వారు 1503లో ఉరిదీసిన తాయినో రాణి అనకవోనా పేరు దాని కుంచిరి. బాంగో వాయించుట పురుషుల పని యని లోకము పలుకుచుండిన దినములవి. ఆ కన్నె లదియే చేతబట్టిరి. బాకాలు, సాక్సఫోనులు నేర్చిరి. క్రమముగా పదునొకండుగురును బృందమున జేరిరి. హవానా వీథుల కాఫీశాలల యెదుట మొదలైన వారి కచేరీలు 1938 నాటికి పారిస్ నగరము వఱకు సాగినవి. మూతపడిన చదువు వారి కింకొక జీవనమార్గమును జూపినది.

ఆ బృందమున బాడిన గ్రసియేలా మచీటోకు పెంపుడు చెల్లెలు. 1943లో ఆయనను సైన్యమునకు బిలువగా, బృందము చెదరకుండ ఆమె న్యూయార్కునకు బోయి యాతని స్థానమున నిలిచి పాడెను. ఆయన తిరిగి వచ్చిన పిదపను వేదిక దిగక, చిరకాలము తానును పాడెను. ఆమె 2010లో గన్నుమూసెను.

ఈ సంగీతము మనకు బొత్తిగా క్రొత్తది గాదు. డ్యూక్ ఎలింగ్టన్ 1963లో దన బృందముతో మన దేశమునకు వచ్చి కచేరి చేసెను. ప్యూర్టో రీకో ద్వీపవాసియగు హువాన్ టిజోల్ కూర్చిన ‘కారవాన్’ను 1936లో లోకమునకు వినిపించినది ఆ ఎలింగ్టన్ పక్షమువారే.

‘ఆడుపిల్లకు డోలు తగునా?’ యని మనలో నేటికిని గొందఱు గొణుగుదురు. వారికి బదులు మన యాంధ్రదేశముననే యున్నది. ఏలూరున జన్మించిన నిడుమోలు సుమతిగారు తండ్రివద్దను, పిదప దండమూడి రామమోహనరావుగారివద్దను మృదంగము నేర్చి విద్వాంసురాలై 2021లో పద్మశ్రీ బిరుదము నందిరి. చేతి బలము చాలదని యెవ్వరేని యన్నచో, తెల్లవాఱుజామున రోట దంచి, విసరి, పిండి పిసికిన చేతులను వారెఱుగరని చెప్పవలెను. లేనిది బలము గాదు. నేర్చుకొన తావును, నేర్పువారును, ఇంటివారి యంగీకారమును.

అట్టి తావుల నిచ్చుటకే జనసాధారణ కళాకేంద్రములు పుట్టినవి. అమెరికాలోని బర్కిలీయందు 1975లో వెలసిన ‘లా పేన్యా’ యను కేంద్రమున లాటిను దేశముల సంగీతమును ఇరుగుపొరుగువారు పిల్లలతోగూడి విందురు. హైదరాబాదున 2010లో దెఱచిన ‘లామకాన్’ అట్టిదే. పల్లెలలో ఇంత భవన మక్కరలేదు. బడి వసారా చాలును, గ్రంథాలయపు ముంగిలి చాలును.

సోదరీమణులారా, అవకాశము చిక్కినపుడు ఈ సంగీతమును వినుడు. మొదట పాటను వెదకక, ఆ యైదు దెబ్బలను వెదకి పట్టుకొని మెల్లగా చేతితో వేయుడు. అది నిలిచిన పిదప తక్కిన గందరగోళమంతయు వరుసగా గూర్చొనును. మీ యమ్మాయి పళ్లెముపైనో పెట్టెపైనో దరువు వేయుచున్నచో నదలింపకుడు. ఆ దరువు తాళమున నిలుచుచున్నదో లేదో చూడుడు. నిలిచినచో నామెకు గురువును వెదకుడు.