గుమ్మము చేరిన బిర్యానీ వెల

పూటకూళ్ళ యింటిని వెదకికొనుచు బాటసారి పోవు కాలము గడచి, పూటకూళ్ళ యిల్లే గృహస్థుని గుమ్మమునకు నడచివచ్చు కాలము వచ్చినది. హోటలు భోజనమును ఇంటికి చేర్చు ఈ వ్యాపారమునకు మన దేశమున నేడు ముఖ్యముగా రెండు సంస్థలే అధిపతులు: 2008లో ఫుడీబే అను పేర హోటళ్ళ ధరల పట్టికలను జనులకు చూపుటకై పుట్టి, 2010లో జొమాటోగా మారినది యొకటి, విజయవాడ వారైన శ్రీహర్ష మాజేటి మరి యిద్దరితో కలిసి 2014లో బెంగుళూరున నెలకొల్పిన స్విగ్గీ రెండవది. ఊబర్ ఈట్స్ వంటి పరదేశపు సంస్థ సైతము పోటీకి నిలువజాలక, 2020 జనవరిలో తన భారతీయ వ్యాపారమును జొమాటోకు అప్పగించి తొలగిపోయినది.

మనము ఫోనుపై వ్రేలు మోపినంతనే హోటలులోని ట్యాబు మ్రోగును. మేనేజరు అంగీకరింపగనే వంటశాలకు చీటీ పోవును. ఇంతవరకు సులభమే; అసలు చాతుర్యమంతయు ఆ తరువాతిది. ఆ వేళకు ఆ హోటలు ఆ వంటకమును కట్టి యిచ్చుటకు ఎంతసేపు పట్టునో, సమీపమున ఏ డెలివరీ బాయ్ ఖాళీగా నున్నాడో, నడుమ దారిలో రద్దీ యెట్లున్నదో, వెనుకటి అసంఖ్యాకములైన ఆర్డర్ల అనుభవమునుబట్టి కంప్యూటరు గణించి, పార్సిలు సిద్ధమగు వేళకే అతడు చేరునట్లు పిలుపు పంపును. గణితము ఫలించినచో ఎవరికిని నిరీక్షణ లేదు. తప్పినప్పటి సంగతి తెలియవలెనన్న, ఆదివారము రాత్రి హైదరాబాదులో పేరుమోసిన ఏ బిర్యానీ హోటలుకైనను పోయి చూడవలెను: వీపున సంచియు, తలపై హెల్మెటును గల యువకులు పార్సిలు కౌంటరుకడ గుంపుగూడి, ఫోనులు పైకెత్తి, తమ తమ ఆర్డరు నంబర్ల చివరి అంకెలను కేకలు వేయుచుందురు. ఒకే దిక్కునకు పోవు రెండు ఆర్డర్లను ఒక్కనికే అప్పగించు పద్ధతియు కలదు. మన వీధిమొగవరకు వచ్చిన బండి పటముపై హఠాత్తుగా ప్రక్క సందులోనికి మళ్ళినప్పుడు, పాపము, అతడు తరచుగా దారి తప్పినవాడు కాడు.

ఇక వెల. ఒక ఉదాహరణమును కల్పించుకొందము. కౌంటరుకడ 250 రూపాయలకు అమ్ము బిర్యానీకి యాప్‌లో 300 వ్రాసినారనుకొందము. ప్యాకింగు 15, ఆ రెంటిపై నూటికి అయిదు వంతున జి.ఎస్.టి. సుమారు 16, డెలివరీ 30, ప్లాట్‌ఫారం ఫీజు 15, ఈ రెంటిపై నూటికి 18 వంతున మరి 8. వెరసి 384. డెలివరీ రుసుముపై ఈ 18 శాతపు పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి వచ్చినది. ప్లాట్‌ఫారం ఫీజు కథయు వినదగినదే: 2023లో రెండే రెండు రూపాయలుగా చాపక్రింది నీరువలె ప్రవేశించి, రెండేండ్లు నిండకుండనే పది రూపాయలైనది.

ఇంత యిచ్చుకొన్నను హోటలువాడు బాగుపడెనా యన్న, అదియు లేదు. సంస్థలు తీసికొను కమీషను సాధారణముగా నూటికి 15 మొదలు 30 వరకు నుండును. 25 అనుకొన్నచో 75 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. 13.50 పోగా, ప్యాకింగు కలుపుకొని అతనికి మిగులునది 226.50, డబ్బా ఖర్చు అందులోనే. తగ్గింపుల భారము కొంత, పట్టికలో పైన కనబడుటకు ప్రకటన ఖర్చు కొంత ఇవిగాక వేరు. ధర పెంచక అతడేమి చేయును? రెస్టారెంట్ల జాతీయ సంఘపు ఫిర్యాదుపై, 2022 ఏప్రిలులో కాంపిటీషన్ కమిషన్ ఈ రెండు సంస్థల వ్యవహారముపై దర్యాప్తునకు ఆదేశించినది.

అయినను దీనినంతటిని దోపిడి యనుట నాకు న్యాయముగ తోపదు. ఒక మనిషి, ఒక బండి, రానుపోను అరగంట: ఇవి ముప్పది రూపాయలతో తీరునవి కావు. బిల్లులో డెలివరీకని చూపిన అంకె నిజవ్యయములో ఒక భాగము మాత్రమే. తక్కినది కమీషనులోను, పెరిగిన బిర్యానీ ధరలోను దాగియున్నది. ‘ఉచిత డెలివరీ’ యన్నప్పుడు ఆ దాగుడు పూర్తియైనదని యర్థము.

డెలివరీ బాయ్‌కి ముట్టునది దూరమునుబట్టి ఆర్డరుకింత యను లెక్కపై వచ్చు కూలియు, లక్ష్యమును చేరినచో కొంత ప్రోత్సాహకమును. పెట్రోలు అతనిదే, బండి మరమ్మతు అతనిదే. నెలజీతము లేదు, భవిష్యనిధి లేదు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతి ప్రకారము, ఇట్టి సంస్థలు తమ వార్షిక వ్యాపారములో ఒకటి రెండు శాతము, కార్మికులకు చెల్లించు మొత్తములో అయిదు శాతమునకు మించకుండ, వారి సంక్షేమనిధికి ఈయవలెను. ఆ సొమ్మును సంస్థలు తమ లాభమునుండి తీయునో, బిల్లులో మరియొక పంక్తిగ దించునో, ప్లాట్‌ఫారం ఫీజు నడచిన త్రోవను చూచినవారు ఊహించుకొనగలరు.