అద్దె ఇంటికి ఏ ఫిల్టరు?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



అద్దెకు ఇల్లు చూడబోయినప్పుడు మనం మొట్టమొదట అడిగేది “నీళ్లు బాగా వస్తాయా?” అని. వస్తాయంటే చాలు, అడ్వాన్సు ఇచ్చేస్తాం. ఆ వచ్చే నీళ్లు ఎలాంటివో అడగం. ఇంట్లో పిల్లవాడికి కామెర్లో, టైఫాయిడో వచ్చినప్పుడు గాని ఆ సంగతి గుర్తుకు రాదు. అప్పుడు హడావుడిగా పక్కింటివారి దగ్గర ఉన్న ఫిల్టరే మనమూ కొనేస్తాం. కాని పక్కింటివారికి పనికొచ్చింది మనకూ పనికిరావాలని లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దాన్ని వెంట తీసుకుపోగలమా అన్నది కూడా ముందే చూసుకోవాలి కదా!

ముందు మన నీళ్ల సంగతి తెలుసుకుందాం. హైదరాబాదునే తీసుకోండి. మంజీర, కృష్ణ, గోదావరి నీళ్లను శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పంపుతారు. అయితే అపార్టుమెంటులో అవి తిన్నగా మన వంటింటికి రావు. కింద సంపులో పడి, అక్కడినుంచి మేడమీది ట్యాంకుకు ఎక్కి, తర్వాత మన కుళాయిలోకి వస్తాయి. చాలనప్పుడు బోరు నీళ్లో, ట్యాంకరు నీళ్లో కూడా ఆ సంపులోనే కలుపుతారు. సంపు కడిగి ఎన్నాళ్లయిందో వాచ్‌మన్‌ని అడగండి. ఫిల్టరు కొనడానికి ముందు అడగవలసిన ప్రశ్న అదే.

నీళ్లతో వచ్చే చిక్కులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు, రెండోది కరిగిన లవణాలు. లవణాలు ఎంత ఉన్నాయో పెన్ను అంత ఉండే టి.డి.ఎస్. మీటరు చెబుతుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. కాని ఈ మీటరుకు సూక్ష్మజీవులు కనబడవు. మీటరు 150 చూపించిన నీళ్లలోనూ టైఫాయిడ్ క్రిములు ఉండవచ్చు. వాటికి చిన్న సీసా పరీక్ష ఒకటి ఉంది. 1982లో గ్వాలియర్ రక్షణ పరిశోధనశాలవారు దాని గురించి ప్రకటించారు. సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మురుగు కలిసిన నీళ్లు నల్లబడతాయి.

ఇంటికి వచ్చి అమ్మేవాళ్లు చేసే గారడీ ఒకటి చెప్పాలి. మన కుళాయి నీళ్లలో లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. వాళ్ల మిషను నీళ్లు మాత్రం అలాగే తెల్లగా ఉంటాయి. “చూశారా అమ్మా, మీరు తాగే మురికి!” అంటారు. నిజానికి ఆ రంగు కడ్డీల్లోని ఇనుముది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారి ఇనుము కరుగుతుంది, అంతే. వాళ్ల నీళ్లలో కూడా చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చెయ్యమనండి. అవీ రంగు తిరుగుతాయి!

ఇక ఫిల్టర్ల సంగతి. స్టీలు డ్రమ్ములో క్యాండిల్ ఉన్న ఫిల్టరు మనకందరికీ తెలిసినదే. దానికి కరెంటు అక్కర్లేదు, గోడకు మేకు అక్కర్లేదు. మట్టిని, చాలా బాక్టీరియాను ఆపుతుంది గాని కామెర్లు తెచ్చే వైరస్‌ను ఆపుతుందని నమ్మడానికి లేదు. అందుకని వడబోసిన నీళ్లు ఒక నిమిషం తెర్లేదాకా కాచుకోవాలి. క్యాండిల్‌ను మెత్తని బ్రష్షుతో, సబ్బు లేకుండా తోమాలి. బీట పడితే మార్చెయ్యాలి.

అల్ట్రావయొలెట్ దీపం ఉన్నవి సూక్ష్మజీవులను చంపుతాయి. కాని నీళ్లు తేటగా ఉండాలి, కరెంటు ఉండాలి. ఉప్పదనం ఏమాత్రం తగ్గించవు.

ఆర్.ఓ. మిషను లవణాలను, ఫ్లోరైడును కూడా తగ్గిస్తుంది. నల్గొండ జిల్లాలోలాగా బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్నచోట కాచడం వల్ల లాభం లేదు. నీరు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. అక్కడ ఆర్.ఓ. వంటిది అవసరమే. మరి నది నీళ్లు వచ్చే ఇంటికి? లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి పోయే మిషను దండగ. 500 లోపు ఉన్నచోట ఆర్.ఓ. వాడనివ్వరాదని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. తప్పనిసరై పెట్టుకున్నవారు ఆ పోయే నీళ్లను బకెట్టులో పట్టి బాత్‌రూముకు, ఇల్లు తుడవడానికి వాడుకోండి.

అద్దె ఇంట్లో టైల్సుకు కన్నాలు పెడితే ఖాళీ చేసేనాడు అడ్వాన్సులో కోత పడుతుంది. కనుక గట్టుమీద పెట్టుకుని నీళ్లు పోసుకునే రకమో, కుళాయికి తగిలించి తీసుకునే రకమో చూడండి. కుళాయి మూతికి బిగించే చిన్న ఫిల్టర్లు చాలామటుకు మట్టికి, క్లోరిన్ వాసనకే. వాటినే నమ్ముకోకండి. కొనేముందు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. ఏడాదికి ఎన్నిసార్లు కార్ట్రిడ్జి మార్చాలో, దాని ఖరీదెంతో, వేరే పేటకు మారితే సర్వీసుకు వస్తారో రారో అడిగి బిల్లుమీద రాయించుకోండి. చవగ్గా దొరికిన మిషనుకు ఈ ఖర్చులే మోపెడవుతాయి.

చివరగా ఒక్కమాట. ఎంత మంచి ఫిల్టరు పెట్టినా, ఆ నీళ్లు పట్టే బిందె రోజూ తోమకపోయినా, అందులో చెయ్యిపెట్టి గ్లాసు ముంచినా పడ్డ శ్రమంతా వృథాయే. కుళాయి ఉన్న పాత్రో, పిడి పొడుగున్న గరిటో వాడండి. పిల్లలకూ అదే అలవాటు చెయ్యండి.